మన ముంగిట గన్నేరు



మాచర్ల నుండి నాగార్జునసాగర్ వెళ్ళే దారిలో మా ఎత్తిపోతల ఉంది. సాగరు డ్యాము ఇక్కడికి సుమారు 11 కిలోమీటర్లు. చంద్రవంక వాగు ఇక్కడ సుమారు 70 అడుగుల ఎత్తు నుండి లోయలోకి దూకి, అక్కడ నుండి సాగిపోయి కృష్ణానదిలో కలుస్తుంది. జలపాతము చూడవచ్చినవారు "ఎంత చల్లని చోటు! మీరెంత అదృష్టవంతులు!" అని మాతో అంటూ ఉంటారు. కాని గట్టు మీద కాపురముండేవారి సంగతి వేరు. నీరు లోయలో ఉంది, మా ఇండ్లు రాతి మీద ఉన్నవి. గడ్డపార వేస్తే ఖంగుమనే నేల ఇది. వేసవి వచ్చిందంటే ఎండల వార్తలలో మా పొరుగునున్న రెంటచింతల పేరు తరచు వినబడుతుంది. ఆ ఎండే మా మీద కూడా కాస్తుంది.

ఇటువంటి చోట మందిరము ముందు నాలుగు పూలమొక్కలు పెంచాలని నా భార్యకు కోరిక కలిగింది. మొదట గులాబీలు పెట్టాము. ఉగాది దాటి ఎండలు ముదరగానే అవి మాడిపోయినవి. తరువాత మందారము పెట్టాము. దానిని మేకలు మొదలంటా కొరికివేసినవి. మూడవసారి సంఘములోని ఒక పెద్దాయన నవ్వి, "అయ్యగారూ, ఈ నేలకు గన్నేరే దిక్కు. నీళ్ళు పోయకపోయినా బ్రతుకుతుంది, మేక ముట్టదు" అన్నారు. ఆయన చెప్పినట్లే చేశాము. ఆయన చెప్పిన మాటలో మొదటి సగము పూర్తిగా నిజము. రెండవ సగము ఎంతవరకు నిజమో తెలుసుకొనుటకు నేను ఒక మూల్యము చెల్లించవలసి వచ్చింది. ఆ సంగతి కూడా ఈ వ్యాసములో దాచకుండా వ్రాస్తున్నాను.

ఎండను ఓర్చుకొనే మొక్క

గన్నేరును సంస్కృతములో కరవీరము అంటారు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు నీరియం ఒలియాండర్. మధ్యధరా సముద్ర తీరదేశముల నుండి మన ఆసియా వరకు ఇది ఎంతో కాలముగా పెరుగుతూ ఉన్నది. ఏడాది పొడుగునా ఆకు రాల్చకుండా పచ్చగా ఉండే పొద ఇది. వదిలివేస్తే పది పన్నెండు అడుగులు, కొన్నిచోట్ల అంతకుమించి కూడా పెరుగుతుంది. ఆకులు సన్నగా, పొడుగుగా, తోలువలె మందముగా ఉండి, ఒక్కొక్క కణుపు వద్ద మూడేసి చొప్పున వస్తాయి. పూలు తెలుపు, గులాబి, ఎరుపు రంగులలో గుత్తులుగా పూస్తాయి. ఒంటిరేకు రకములు, ముద్దపూల రకములు రెండూ ఉన్నవి.

అడవిలో సహజముగా ఇది ఎక్కడ పెరుగుతుందో తెలిస్తే దీని స్వభావము అర్థమవుతుంది. వానలకు పొంగి, ఎండలకు ఎండిపోయే వాగుల ఒడ్డున పెరిగే మొక్క ఇది. నీరియం అనే పేరు కూడా తేమ అనే అర్థమున్న గ్రీకు మాట నుండి వచ్చినదని చెబుతారు. నీరున్నప్పుడు వేరు లోతుగా దించుకుంటుంది, లేనప్పుడు పొదుపు చేసుకుంటుంది. మనము శ్వాస తీసుకొన్నట్లే మొక్కలు ఆకు మీది సన్నని రంధ్రముల ద్వారా గాలి పీల్చుకుంటాయి. ఆ రంధ్రముల గుండానే లోపలి తేమ ఆవిరియై పోతుంది. గన్నేరు ఆకులో ఈ రంధ్రములు అడుగుభాగమున చిన్న చిన్న గుంటలలో ఉంటాయి. ఆ గుంటలను సన్నని నూగు కప్పి ఉంచుతుంది. వడగాలి ఎంత వీచినా లోపలి తేమ త్వరగా బయటికి పోదు. అందువలననే పల్నాటి మే నెలలో కూడా ఇది తలవంచకుండా పూస్తుంది.

జాతీయ రహదారుల మధ్య విభాగములో బారులు తీరి గులాబి రంగు పూలతో కనిపించే పొదలను మీరు చూచే ఉంటారు. అవి చాలావరకు గన్నేరులే. రోజూ నీరు పోయనక్కరలేదు, పశువులు మేయవు, ఎదుటి నుండి వచ్చే బండ్ల హెడ్‌లైటు వెలుగు కళ్ళలో పడకుండా అడ్డముగా ఉంటుంది. ఈ మూడు మేలులు ఒకే మొక్కలో దొరకుట అరుదు.

1945లో అణుబాంబుతో కాలిపోయిన జపానులోని హిరోషిమాలో, ఆ నేల మీద తిరిగి తొందరగా పూచిన పూలలో గన్నేరు ఒకటి. అందుచేత ఆ నగరవాసులు 1973లో గన్నేరును తమ నగర పుష్పముగా ఎన్నుకొన్నారు. మా ఎత్తిపోతల రాతినేల దానికి ఒక లెక్కలోది కాదు.

పేరు ఒకటే, మొక్కలు వేరు

మన తెలుగులో గన్నేరు అనే పేరు చాలా మొక్కలకు ఉన్నది. మొక్క తెచ్చుకొనేముందు వీటిని వేరుగా గుర్తుపట్టుట అవసరము.

పచ్చగన్నేరు పసుపు రంగు గంటలవంటి పూలు పూస్తుంది. కండ కట్టిన ఆకుపచ్చని కాయలు కాస్తుంది. దీని గింజ మహా విషము. దేవగన్నేరు చెట్టు కొమ్మలు లావుగా ఉండి, తెల్లని సువాసనగల పూలు రాలుస్తుంది. బిళ్ళగన్నేరు మోకాలెత్తు మొక్క, గోడల సందులలో కూడా మొలుస్తుంది. మన పెరటిలో పలుకరింపు లేకుండా పెరిగే ఈ బిళ్ళగన్నేరు నుండే 1950 దశకములో కెనడా శాస్త్రజ్ఞులు ఒక మందు తీశారు. ఈ మొక్కనుండి వచ్చిన మందులు చిన్నపిల్లల రక్తపు క్యాన్సరు చికిత్సలో నేటికీ వాడబడుతున్నవి. అయినను ఆ ఆకును మనమే నమలుట ప్రమాదము. మందు చేయుట ప్రయోగశాలవారి పని.

ఇవన్నీ ఒకే కుటుంబమునకు చెందిన మొక్కలు. ఈ వ్యాసములో నేను చెప్పేది తెలుపు, గులాబి, ఎరుపు పూల గన్నేరును గురించి మాత్రమే.

కొమ్మ నాటే విధానము

గన్నేరుకు విత్తనము అవసరము లేదు. మంచి పొద ఉన్నవారి ఇంటినుండి ఒక కొమ్మ తెచ్చుకుంటే చాలు. వానలు మొదలైన తరువాత, ఆషాఢ శ్రావణ మాసములు ఇందుకు అనుకూలము.

మరీ లేతది, మరీ ముదురుది కాకుండా పెన్సిలు లావు కొమ్మను జానెడు పొడుగున కణుపు క్రింద కత్తిరించండి. పైన నాలుగైదు ఆకులు ఉంచి క్రింది ఆకులు తీసివేయండి. కోసినచోట తెల్లని జిగురు పాలు వస్తాయి. అవి చర్మమునకు తగిలితే కొందరికి దురద, మంట కలుగుతాయి. కంటికి తగలనివ్వకూడదు. చేతికి పాత గుడ్డగాని, ప్లాస్టిక్ సంచిగాని తొడుక్కొని పని చేయండి. పని కాగానే సబ్బుతో చేతులు, కత్తెర కూడా కడగండి.

ఇసుక, మట్టి సమముగా కలిపిన సంచిలో కొమ్మను రెండు కణుపులు మునిగేలా గుచ్చి, నీడలో ఉంచి, తడి ఆరకుండా చూడండి. మూడు నాలుగు వారములలో వేరు పడుతుంది. నీళ్ళ సీసాలో పెట్టినా వేరు వస్తుంది. కాని ఆ నీరు కూడా విషమే. పిల్లలకు అందే కిటికీలో పెట్టవద్దు, తాగునీటి సీసాను అందుకు వాడవద్దు.

వేరు పట్టిన మొక్కకు అడుగున్నర లోతు, అడుగున్నర వెడల్పు గుంట చాలును. మావంటి రాతినేలలో గుంట త్రవ్వుటే అసలు పని. పైమట్టిని ఒక ప్రక్కకు తీసి, దానిలో ఒక తట్ట చివికిన పశువుల ఎరువు, ఒక తట్ట ఇసుక కలిపి తిరిగి నింపాలి. అడుగున నాపరాయి తగిలితే కొంచెము ప్రక్కకు జరగండి. వేరు లోతుకు పోయే దారి దొరకాలి. దడిగా పెంచాలంటే మొక్కకు మొక్కకు నాలుగు అడుగులు, విడిగా పొదలుగా కావాలంటే ఆరు అడుగులు ఎడమివ్వండి. రోజులో ఆరు గంటలైనా ఎండ తగిలేచోటే నాటండి. నీడలో గన్నేరు ఆకులు వేస్తుంది గాని పూలు సరిగా పూయదు.

నీరు, ఎరువు

మొదటి వేసవి మాత్రము దానిని పసిబిడ్డవలె చూడాలి. వారానికి రెండుసార్లు, ఉదయముగాని సాయంత్రముగాని, పాదు నిండా నీరు పోయండి. రోజూ చెంబెడు పోయుటకంటే మూడు రోజులకొకసారి బిందెడు పోయుట మేలు. పైపైన తడిపితే వేరు పైపైనే ఉండిపోతుంది. రెండవ ఏడు నుండి వేసవిలో పది పదిహేను రోజులకొకసారి పోసినా చాలు. క్రింది ఆకులు పసుపు రంగుకు తిరిగి రాలుతూ, పాదు బురదగా ఉంటే నీరు ఎక్కువైనదని తెలుసుకొనండి.

ఎరువు ఏడాదికి ఒకసారి, తొలకరికి ముందు ఒక తట్ట పశువుల ఎరువు చాలు. యూరియా వేస్తే ఆకు ఏపుగా వస్తుంది గాని పూత తగ్గుతుంది.

పేనుబంక దీనికి తరచు పట్టే పురుగు. లేత చిగుళ్ళమీద పసుపు రంగులో గుంపుగా అంటుకొని రసము పీలుస్తుంది. గట్టిగా నీరు చిమ్మితే చాలావరకు రాలిపోతుంది. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెము సబ్బు నీరు కలిపి సాయంత్రము పూట చల్లండి. ఒక్కొక్కప్పుడు ఆకు క్రింద వెండివలె తళతళ మెరిసే చిన్న బొట్టు వ్రేలాడుతూ కనిపిస్తుంది. అది తెగులు కాదు. గోధుమ నలుపు రంగు సీతాకోకచిలుక ఒకటి గన్నేరు ఆకు తిని పెరిగి, ఆ గూటిలో నిద్రిస్తుంది. దానిని అలాగే వదిలి, పిల్లలను పిలిచి దూరము నుండి చూపించండి. మనకు విషమైన ఆకు ఆ చిన్న పురుగుకు ఆహారము!

కత్తిరింపు - నేను చేసిన తప్పు

గన్నేరు పూలు కొత్త చిగుళ్ళ చివరన వస్తాయి. అందుచేత ఏడాదికొకసారి, నిండు పూత తగ్గిన తరువాత, కొమ్మలలో మూడవ వంతు కత్తిరిస్తే కొత్త చిగుళ్ళు వచ్చి పొద గుబురుగా పూస్తుంది. మొదటినుండి వచ్చే పిలకలను తీసివేస్తే చిన్న చెట్టువలె నిలబడుతుంది. బాగా ముదిరి బోసిపోయిన పొదనైనా నేలకు అడుగెత్తున కోసివేస్తే మరల చిగురిస్తుంది.

మేము మొక్కలు నాటిన మూడవ ఏట నేను స్వయముగా కత్తెర పట్టుకొని పొదలన్నిటిని చక్కగా కత్తిరించాను. ఆ కొమ్మల మోపును నాపరాళ్ళ దడి అవతల, దారి ప్రక్కన పడవేశాను. ఎండితే ఎవరైనా ఊడ్చుకుపోతారులే అనుకొన్నాను. మేక ముట్టదని పెద్దాయన చెప్పిన మాట మనసులో ఉన్నది కదా!

మూడవనాడు సాయంత్రము మా పొరుగున ఉండే అవ్వ దడి దగ్గరకు వచ్చి నిలబడింది. ఆమెకు నాలుగు మేకలే ఆధారము. వాటిలో రెండు నెలల పిల్ల ఒకటి ఆ మధ్యాహ్నము నురుగు కక్కి, కాళ్ళు వణికి పడిపోయింది. పశువుల డాక్టరుగారు వచ్చేలోపే చనిపోయింది. దాని నోటిలో నమిలిన గన్నేరు ఆకు ఇంకా ఉన్నది.

డాక్టరుగారు నాకు చెప్పిన సంగతి నేను అంతకుముందు ఎరుగను. చెట్టుమీది పచ్చి ఆకు బాగా చేదు గనుక పశువు సాధారణముగా దానిని ముట్టదు. కోసి పడవేసి వాడిన ఆకులో ఆ చేదు తగ్గిపోతుంది. విషము మాత్రము తగ్గదు. అందుచేత కోసి పారవేసిన కొమ్మలే పశువులకు ఎక్కువ ప్రమాదము. నేను మొక్కను చక్కగా పెంచుట నేర్చుకొన్నాను గాని, కోసిన కొమ్మను ఏమి చేయాలో నేర్చుకొనలేదు.

అవ్వ నన్ను ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేది. మేకపిల్ల ఖరీదు ఇవ్వబోతే మొదట తీసుకొనలేదు. నా భార్య బ్రతిమాలి ఆమె కొంగున కట్టింది. పోతూ పోతూ అవ్వ, "డబ్బు సంగతి అట్లా ఉండనీయండి అయ్యగారూ. రేపు ఆదివారము పిల్లలంతా ఈ దారినే వస్తారు. ఎవరన్నా పళ్ళపుల్ల అనుకొని నములుతారేమో, ముందు అది చూసుకోండి" అన్నది.

ఆ రాత్రే లాంతరు పట్టుకొని మోపంతా ఏరి తెచ్చాము. ఆ ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత సంఘము ఎదుట నా తప్పు ఒప్పుకొని, పిల్లలందరిని బయటికి తీసుకొనిపోయి ఆ మొక్కను పేరుపెట్టి చూపించాము. రాజుల రెండవ గ్రంథము నాలుగవ అధ్యాయములో, కరవు కాలములో ఒకడు పొలమునకు పోయి, తనకు తెలియని తీగ కాయలను ఒడినిండా కోసుకొని వచ్చి కుండలో తరిగివేసిన సంగతి మీకు తెలుసు. అతనికి ఎవరిమీదను పగ లేదు. అతనికి తెలియదు, అంతే. కాని తెలియకపోవుట వలన కుండలోని విషము తగ్గలేదు.

విషము సంగతి

గన్నేరు ఆకు, పువ్వు, బెరడు, వేరు, పాలు అన్నిటిలోను విషమున్నది. దానిలో ముఖ్యమైన దానిని ఒలియాండ్రిన్ అంటారు. అది గుండె కొట్టుకొనే తీరును చెడగొడుతుంది. ఎండబెట్టినా, ఉడకబెట్టినా అది పోదు. కేరళలో అరళి అని పిలిచే ఈ పువ్వును గురించి ఆందోళన కలిగినప్పుడు, 2024 మే నెలలో తిరువాంకూరు దేవస్వం బోర్డువారు తమ దేవాలయములలో నైవేద్య ప్రసాదములలో దానిని వాడరాదని నిర్ణయించారు. మతము ఏదైనా విషము విషమే.

కాబట్టి మొక్క పెంచేవారు ఈ సంగతులు గుర్తుంచుకొనండి.

కోసిన కొమ్మలను, రాలిన ఆకులను పశువులు తిరిగేచోట వేయవద్దు. గుంట తీసి పూడ్చండి. పొయ్యిలో పెట్టవద్దు, చలిమంట వేయవద్దు. దాని పొగ కూడా హానికరమే.

పశువుల కొట్టము, తాగునీటి తొట్టి, బావి, చేతిపంపు, పిల్లలు ఆడుకొనే స్థలము, వీటికి దూరముగా నాటండి.

గన్నేరు పుల్లతో పళ్ళు తోమవద్దు. ఆ పుల్లను వంటలో కలుపుటకుగాని, ఏదైనా గుచ్చి కాల్చుటకుగాని వాడవద్దు. దేని పుల్ల అని తెలియనిదే పిల్లలను నోట పెట్టుకొననీయవద్దు.

పాకే వయస్సు బిడ్డ ఇంటిలో ఉంటే మూడు నాలుగేండ్లు ఆగి ఈ మొక్కను తెచ్చుకొనండి. అంతవరకు నూరువరహాలు పెంచుకొనవచ్చును. అదికూడా ఆకు రాల్చని అందమైన పొదే, నీరు మాత్రము కొంచెము ఎక్కువ అడుగుతుంది.

ఎవరైనా నమిలినట్లు అనుమానము కలిగితే వాంతులు, కడుపునొప్పి, కళ్ళు తిరుగుట, నాడి నెమ్మదించుట వంటి గుర్తులు కనిపించేవరకు ఆగవద్దు. ఉప్పునీరు, చింతపండు రసము త్రాగించి వాంతి చేయించవద్దు. నోటిలో మిగిలినది తీసివేసి, నోరు కడిగించి, వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసుకొనిపొండి. తిన్న మొక్క రెమ్మ ఒకటి సంచిలో వేసి డాక్టరుగారికి చూపించండి. బిడ్డ హుషారుగా కనిపించినా గుండెను పరీక్ష చేయించాలి.

ఇంకొక మాట సంఘకాపరిగా చెప్పవలసియున్నది. మన ఇండ్లలో కోపము వచ్చినప్పుడు గన్నేరు పేరెత్తి బెదిరించే మాట ఒకటి ఉన్నది. దానిని మాటవరుసకు అన్నారని కొట్టివేయవద్దు. అప్పులతోనో, పరీక్ష తప్పియో, కాపురములో కలతతోనో మనసు విరిగినవారు ఇంటిలో ఉన్నట్లయితే ఆ చెట్టును తీసివేయించండి. ఆ వ్యక్తిని ఒంటరిగా విడువక ప్రక్కన కూర్చొని వినండి. టెలిమానస్ అనే ప్రభుత్వ ఉచిత సహాయ సేవ 14416 నెంబరులో రాత్రింబగళ్ళు ఉన్నది, తెలుగులో మాట్లాడవచ్చును. చెట్టు మరల ఎప్పుడైనా నాటుకొనవచ్చును.

ఇప్పుడు మా ముంగిట

ఆ సంగతి జరిగిన తరువాత గన్నేరులన్నిటిని పెరికివేయాలని నేను అనుకొన్నాను. వద్దన్నది అవ్వే. "చెట్టుదేముంది అయ్యగారూ, దాని గుణము దానిది. ఎక్కడ ఉండాలో అక్కడ ఉంచండి" అన్నది. చేతిపంపు దగ్గరి పొదను, మేకలు నడిచే దారిలోని పొదను వేళ్ళతో సహా తీసివేశాము. రోడ్డు వైపు గోడవెంట ఉన్నవాటిని ఉంచాము. కత్తిరించే రోజున ముందుగా గుంట త్రవ్వి, ఆ తరువాతనే కత్తెర పట్టుకుంటాను. ఆదివారపు బడికి కొత్తగా వచ్చే పిల్లలను ప్రతి ఏడు ఒకసారి ఆ గోడ దగ్గరకు తీసుకొనిపోయి, ఆకు మూడేసిగా ఉండుట చూపించి, "చూడవచ్చును, నోట పెట్టుకొనరాదు" అని చెబుతాము. ఇప్పుడు పెద్దపిల్లలే చిన్నపిల్లలకు చెబుతున్నారు.

ప్రియులారా, రాతినేల ఉన్నవారు, నీటికి ఇబ్బందిపడేవారు గన్నేరు పెంచుకొనండి. మే నెల మిట్టమధ్యాహ్నము దారిన పోయేవాడు ఒక్క క్షణము నిలబడి చూచే అందము అది. అయితే మొక్క నాటిన దినముననే ఇంటిల్లిపాదికి, ఇరుగుపొరుగువారికి కూడా దాని సంగతి చెప్పండి. మా పొరుగున అవ్వ ఇప్పుడు మూడు మేకలను మేపుకుంటున్నది. ఆమె మా గోడ ప్రక్కగా పోయినప్పుడెల్లా నేను ముందుగా నేల మీదికి చూస్తాను, ఏదైనా రెమ్మ రాలి ఉన్నదేమోనని.